నీళ్ళకు మన వయసుతో పనేమిటి?



మా పాలంపేట రామప్ప గుడికి వచ్చేవాళ్ళు శిఖరానికి వాడిన ఇటుకల గురించి తప్పకుండా అడుగుతారు. 1213 నాటి ఆ గుడి ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలుతాయి మరి! ఇటుకలే తేలినప్పుడు మనం తేలలేమా? "ఈ వయసులో ఈతేమిటి, నలుగురూ నవ్విపోరూ!" అంటారేమో.

హైదరాబాదు గోలి శ్యామలగారు నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి మన ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల సముద్రాన్ని 13 గంటల 43 నిమిషాల్లో ఈదేశారు. మనం సముద్రాలు దాటక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులు దాటితే చాలు!

రోజంతా పొయ్యి దగ్గర నిలబడే మనకు ముందు మొరాయించేవి నడుమూ, మోకాళ్ళే. ఛాతీ లోతు నీళ్ళలో ఒంటి బరువు చాలావరకు నీరే మోస్తుంది. కీళ్ళకు శ్రమ లేకుండా గుండెకూ, ఊపిరితిత్తులకూ వ్యాయామం అందుతుంది. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఐదు రోజులు, రోజుకో అరగంట.

అలాగని చెరువులోకి మాత్రం దిగకండి. మా రామప్ప చెరువు చూడ్డానికి ఎంత అందమో, లోతు తెలియనివాళ్ళకు అంత ప్రమాదం. దగ్గరి పట్నంలో ఈతకొలను ఉంటే, ఆడవాళ్ళకు విడిగా సమయం, నేర్పేవాళ్ళు ఉన్నారేమో కనుక్కోండి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి.

భోంచేసిన వెంటనే దిగవద్దు. చీరతో అసలే వద్దు, కాళ్ళకు చుట్టుకుంటుంది. ఒళ్ళంతా కప్పే నైలాన్ ఈతదుస్తులు దొరుకుతున్నాయి. మొదటి రోజుల్లో గట్టు పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలడం నేర్చుకుంటే చాలు. భయంతో బిగుసుకుంటే మునుగుతాం, ఒళ్ళు వదులు చేస్తే తేలతాం.

ఒక్కరే వెళ్ళకండి. పక్కింటి వదిననీ, ఎదురింటి పిన్నిగారినీ కూడా బయల్దేరదీయండి. ఒకరు ఈదుతుంటే ఇంకొకరు కనిపెట్టి ఉంటారు. పిల్లలు చదువులకూ, ఉద్యోగాలకూ వెళ్ళిపోయాక బోసిపోయిన ఇంట్లో టీవీతో కాలక్షేపం చేసేకన్నా, నలుగురం కలిసి నవ్వుకునే ఆ అరగంట ఒంటికే కాదు, మనసుకూ మందు.

ఈ వారమే ఒక తోడుని వెతుక్కోండి మరి!