నది యన్నను, నాలా యన్నను

ముంబయి మీఠీ పూడికతీత బిల్లులలో 65 కోట్ల రూపాయలకు పైగా మోసము జరిగినదని 2025 మే నెలలో పోలీసులు కేసు పెట్టిననాటినుండి పత్రికలు గుత్తేదార్ల లెక్కలనే తవ్వుచున్నవి; చర్చ కొంచెము ముందుకు సాగినను, మీఠీ నదియా, మురుగునాలాయా అను చోటనే నిలిచిపోవుచున్నది. ఇది చట్టమును చదువనివారి వాదము. 1966 నాటి మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టపు 20వ సెక్షనును, దానికి మాతృకయైన 1879 నాటి బొంబాయి చట్టపు 37వ సెక్షనును, నదులను, వాగులను, నాలాలను, చెరువులను ఒకే వరుసలో పేర్కొని, వాని గర్భభూములు సర్కారు సొత్తని ప్రకటించినవి. ఆ సొత్తు ఇష్టము వచ్చినట్లు పంచిపెట్టదగినదియు కాదు. బియాస్ ఒడ్డున ఒక హోటలు తన స్థలమును కాపాడుకొనుటకై నదినే మళ్లించిన కమల్‌నాథ్ కేసున, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు లీజును రద్దుచేయుచు, ఇట్టి ప్రకృతిసంపదకు ప్రభుత్వము ప్రజలపక్షమున ధర్మకర్త మాత్రమే యని తేల్చినది.

ఈ చట్టమును, ఈ తీర్పును కలిపి చదివినచో మీఠీ విషయమున మొదటి ముద్దాయి ఒడ్డున గుడిసె వేసికొన్నవాడు కాడు. విహార్, పొవై చెరువుల మత్తడినీటితో పుట్టి, సుమారు 18 కిలోమీటర్లు పారి మాహిం వద్ద సముద్రమున కలియు ఈ నదిని విమానాశ్రయము క్రిందుగా ఇరికించినదియు, దిగువ మడభూములను పూడ్చి బాంద్రా–కుర్లా కార్యాలయములను లేపినదియు ఆ ధర్మకర్తయే. 2005 జులై 26న శాంతాక్రూజున 944 మిల్లీమీటర్ల వాన కురిసిన పిదప చేసిన వెడల్పుపనులు వ్యర్థమని నేననను. కాని ఒడ్డున గోడ కట్టినంతమాత్రమున పోయిన చోటు తిరిగిరాదు.

పూడ్చిన నేలయొక్క గతి మన కామాఠిపురవాసులకు తెలియనిది కాదు. 1784 ప్రాంతమున హార్న్‌బీ కట్ట సముద్రమును అడ్డగించువరకు పోటునీరు పారాడిన పల్లపుసీమ యిది. నైజాం రాజ్యమునుండి కూలికి వచ్చిన కామాఠీలు ఇచటనే కాపురములు పెట్టి పేటకు పేరైరి. నేటికిని పోటును వానయు ఏకమైన దినమున, కాలువల నోళ్లు పోటుమట్టమునకు దిగువ నుండుటచే నీరు వెనుకకు మళ్లి, గల్లీలోని మూతను తన్నుకొని పైకుబుకును. ఇల్లాలు మంచపుకోళ్ల క్రింద ఇటుకలు పెట్టి, బియ్యపుడబ్బాను మంచముపై కెక్కించి, గడపకు గోనెసంచి అడ్డము వేయును.

నదీపునరుద్ధరణ మనగా నదికి చోటు విడుచుట. సర్కారు మీఠీగర్భమునకు హద్దురాళ్లు పాతదలచినచో, మొదటి రాయి తాను తన సంస్థలకు ధారపోసిన స్థలములలో పడవలెను. కుర్లా, ధారావి గుడిసెలకు నోటీసులు అటుతరువాతి మాట.