పలుచని పూతకు మన్నికయే పరీక్ష
నిస్తంత్రీ వార్తాప్రసారమున యాంటెన్నాకు గల ప్రాధాన్యము నెరిగినవారు సైతము, దాని పొడవును ముఖ్యముగా నిర్ణయించునది లోహము గాక తరంగదైర్ఘ్యమే యన్న సత్యమును తరచుగా విస్మరింతురు. వైఫై, బ్లూటూత్‌లు వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము సుమారు 12.5 సెంటీమీటర్ల పొడవు గలది. లోహమునకు బదులు నానోపదార్థమును పూసినంతమాత్రమున ఆ కొలత మారదు, తగ్గునవి మందమును బరువును మాత్రమే.

ఐనను ఆ తగ్గుదల స్వల్పలాభము కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందలి డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున 2011లో వెలుగుచూచిన మాక్సీనులనెడి నానోపదార్థముల కుటుంబమునకు చెందిన టైటానియం కార్బైడును నీట కలిపి, రంగువలె చిమ్మి, అచ్చటి శాస్త్రజ్ఞులే 2018లో యాంటెన్నాలను నిర్మించిరి. వానిలో మిక్కిలి పలుచనిది కేవలము 62 నానోమీటర్ల మందము కలిగి, వెలుతురును కొంత తనగుండ పోనిచ్చుచునే ప్రసారము నెరపెను. రాగిరేకు ఒదుగజాలని వస్త్రములకును, గాజుపలకలకును, దేహమును పరీక్షించు ఉపకరణములకును ఇట్టి పూత తగినది.

కాని మాక్సీను తేమగాలిలో క్రమముగా ఆక్సీకరణము చెంది విద్యుద్వాహకతను కోల్పోవును. తీరప్రాంతపు ఉక్కలో, వానకారులో ఏండ్లతరబడి నిలువవలసిన పరికరమునకు ప్రయోగశాలలోని తొలినాటి ప్రతిభ చాలదు. కావున ప్రజాధనముతో నడచు పరిశోధనలు నూతనపదార్థముల సృష్టితోపాటు వాని రక్షణకవచములకును, ఆయుఃపరీక్షలకును సమానప్రాధాన్యము నొసగవలయును. మన్నికను నిరూపింపని నైపుణ్యమునకు విపణిలో స్థానము కోరుట న్యాయము కాదు.