క్రొత్త విమానములు - తీరని పరాధీనము

ఇంటికప్పు కురియుచుండగా పెంకులు మార్పించుట తప్పుగాదు. కాని తరతరమును పొరుగూరి పెంకులే కొనితెచ్చుచు, తన యూర నొక ఆవమైనను పెట్టింపని గృహస్థుని వివేకమును మెచ్చువా రెవరు?

ఎయిరిండియా సంస్థ 2023 ఫిబ్రవరిలో 470 విమానముల కొనుగోలును ప్రకటించినది. అందు 400 సమీపదూరములకు తిరుగు జెట్టు విమానములు: ఎయిర్‌బస్సువారివి 210, బోయింగువారివి 190. 2022 జనవరిలో ప్రభుత్వమునుండి టాటాల చేతికి మరలిన యీ సంస్థ, ముదిసిన విమానములను తొలగింప బూనుట శ్లాఘనీయమే.

ఆలస్యమువలని చేటు మన మెఱుగనిది గాదు. 2000 జూలై 17వ తేదీన పాట్నాలో కూలి 60 మందిని బలిగొనిన బోయింగు 737-200 విమానము వయస్సు ఇరువదేండ్లు. విచారణ దోషమును చోదకులపై నిలిపినదే కాని యంత్రముపై గాదు. న్యాయవాదినైన నేను ఆ నిర్ణయమును దాటి మాటలాడను. అయినను "క్రొత్తవి యెన్నడు?" అని నాడు ప్రజ లడిగినది న్యాయమైన ప్రశ్నయే. ఇండియన్ ఎయిర్‌లైన్సువారు 2002లో ఎన్నుకొనిన 43 ఎయిర్‌బస్సులకు 2006లోగాని ఒప్పందము కుదరలేదు.

కొనుటలోని జాడ్య మిట్లుండ, నిర్మించుటలోని జాడ్య మింతకంటె ఘోరము. 1961లోనే కాన్పూరున మన కార్మికులు నిర్మించిన ఆవ్రో విమానము గగనమున కెగసినది. నమూనా బ్రిటిషువారిది, చేతులు మనవి. ఆ విత్తనము వృక్షము కాలేదు. నేడు ఎయిర్‌బస్సు 320 తలుపులు బెంగుళూరునను, బోయింగు 737 తోకపై నిలువు రెక్కలు హైదరాబాదునను తయారగుచున్నవి. తలుపులు మనమే చేసి యిచ్చి, యిల్లు వెలపెట్టి కొనుచున్నాము!

బ్రెజిలు దేశము 1969లో ఎంబ్రాయరు సంస్థను స్థాపించి నేడు లోకమునకు జెట్టు విమానముల నమ్ముచున్నది. చైనావారి సి919 విమానము 2023 మే నెలలో ప్రయాణికులతో నెగిరినది. దాని యింజను పరదేశపుదే యగుగాక. మొదలిడినవాడే కదా తుదముట్టించును!

"స్వదేశ విమానమునకై ప్రయాణికుడు పదేండ్లు వేచియుండునా?" అని కొంద రందురు. వేచియుండ నక్కఱలేదు, ఈ 400ను రానిండు. కాని యివియు నొకనాడు ముదియును. నాటికి మనది సిద్ధము కావలెనన్న పూనిక నేడే యవసరము. 2025 అక్టోబరులో హిందూస్థాన్ ఏరోనాటిక్సు సంస్థ రష్యావారి ఎస్‌జె-100 అను సమీపదూర జెట్టు విమానమును ఇచట నిర్మించుటకై అవగాహన పత్రము వ్రాసికొన్నది. అవగాహన పత్రము ఒప్పందము కానేరదు. మరల నమూనా పరులది, చేతులు మనవి యగుటతో తృప్తిపడినచో, ఆవ్రో కథయే పునరావృత్తమగును. రూపకల్పన విద్య కూడ మనకు సంక్రమింపవలెనని ప్రభుత్వము పట్టుబట్టవలెను. ఇకమీది పెద్ద కొనుగోళ్ల కన్నిటికిని ఇదియే షరతు కావలెను.

మిల్లుబట్ట చౌక యన్నవారు ఖద్దరు దినములలోను కలరు. అరువు సొమ్ము బరువు చేటను సామెత వారికి నాడే యుత్తరము. ఈ విమానములు ముదిసిననాడు మన మనుమలు ఇంకను తలుపులే చేయుచుందురా? పాలకులు సమాధానము చెప్పవలెను.