ఆ ఉద్యోగం ఎందుకు మానుకొన్నారు?

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే వినిపిస్తూ ఉంటాయి. ఒకే మాట ఈ రెండు భాషలలో రెండు అర్థాలు ఇవ్వటం మన విద్యార్థులకు కొత్త కాదు. "రాజీనామా" అటువంటి మాటలలో ఒకటి. ఉద్యోగం నుండి తప్పుకొంటూ సమర్పించే పత్రం అని తెలుగులో దీనికి అర్థం. ఉర్దూలో ఆ పత్రాన్ని "ఇస్తీఫా" అంటారు. అక్కడ రాజీనామా అంటే ఇరుపక్షాలు సమ్మతించి వ్రాసుకొన్న ఒప్పందపత్రం. "రాజీ" అనే మాటకు తెలుగులో కూడ ఆ అర్థమే నిలిచి ఉన్నది. ఉద్యోగం విడిచే వేళ కలహం కన్న సమ్మతి మేలని ఈ మాట మనకు చెప్పక చెపుతున్నట్లు తోస్తుంది.

ఈ మాటను ప్రస్తావించటానికి కారణం లేకపోలేదు. మన కళాశాలలో చదువు ముగించినవారు చాలామంది మెదక్ లోనో, పటాన్ చెరులోనో, హైదరాబాదులోనో చిన్న జీతంతో మొదటి ఉద్యోగంలో చేరుతున్నారు. రెండు మూడేళ్లు గడిచేసరికి మరొక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళుతున్నారు. అక్కడ తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది: "వెనుకటి ఉద్యోగం ఎందుకు మానుకొన్నారు?" తాము చదివిన విషయాన్ని గురించి తడుముకోకుండా చెప్పగలవారు కూడ ఈ ప్రశ్న వద్ద తలవంచుకొంటున్నారు. కొందరు వెనుకటి యాజమాన్యాన్ని దూషిస్తున్నారు. మరికొందరు లేని కారణాలను కల్పిస్తున్నారు. ఈ రెండు మార్గాలూ తప్పు. క్లుప్తంగా చెప్పిన నిజమే ఈ ప్రశ్నకు తగిన సమాధానం. అయితే నిజం చెప్పినవానికి ఆ నిజం వల్ల నష్టం కలుగకుండ చూడటం అడిగేవారి ధర్మం. ఇది మా అభిప్రాయం.

ఈనాడు ప్రభుత్వ ఉద్యోగాలలో ఇంటర్వ్యూల ప్రాధాన్యం తగ్గినది. కేంద్ర ప్రభుత్వం క్రింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి నుండి ఇంటర్వ్యూలను తొలగించినది. తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు 2022లో రద్దు చేసినది. కాని ప్రయివేటు పాఠశాలలు, కర్మాగారాలు, ఆసుపత్రులు, కంపెనీలు నేటికీ అభ్యర్థిని ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడిన తరువాతనే నిర్ణయిస్తున్నవి. మన విద్యార్థులలో ఎక్కువమందికి జీవనాధారం అవే. కనుక ఈ ప్రశ్న ముందు నిలబడటం వారు నేర్చుకొనక తప్పదు.

ముందుగా ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో గ్రహించవలసి ఉన్నది. అడిగేవారికి మన వెనుకటి సంస్థ గుట్టుతో పని లేదు. వారు తెలుసుకొనదలచినవి మూడే. ఇతడు మావద్ద నిలుస్తాడా? నలుగురితో కలిసి పనిచేయగలడా? తనకు కలిగిన కష్టాన్ని ఏ విధంగా చెప్పుకొంటాడు? మూడవది చాలమందికి తట్టదు. కష్టం కలిగినదా లేదా అన్నదాని కన్న, దానిని చెప్పే తీరులోనే మనిషి బయటపడతాడు.

వెనుకటి యజమానిని తిట్టేవాడు తనకు న్యాయం జరుగలేదని చెప్పుకోవాలని అనుకొంటాడు. వినేవారికి మాత్రం అది తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినట్లు వినిపిస్తుంది. రేపు మమ్మల్ని గురించి కూడ ఇంకొకచోట ఇలాగే మాట్లాడతాడు గదా అన్న శంక వారి మనస్సులో కలుగుతుంది. అతడు చెప్పినది అక్షరాలా నిజమే కావచ్చును. అయినా అది ఆ గదిలో విచారణ జరిగే విషయం కాదు. రెండవ పక్షం అక్కడ లేదు, సాక్ష్యం లేదు, తీర్పు చెప్పే అధికారం వారికి లేదు.

ఇక అబద్ధం సంగతి. పూర్వం ఒక ఊరిలో పని మానుకొని మరొక ఊరిలో చేరినవాని కథ ఎవరికీ తెలియకపోయేది. ఇప్పుడు కాలం మారినది. పి.ఎఫ్. ఉన్న ఉద్యోగికి 2014 నుండి ఒకే శాశ్వత సంఖ్య ఇస్తున్నారు. ఎన్ని సంస్థలు మారినా ఆ సంఖ్య వెంట వస్తుంది. ఏ నెలలో చేరినాడు, ఏ నెలతో మానుకొన్నాడు అన్నది అందులో నమోదై ఉంటుంది. పెద్ద కంపెనీలు రిలీవింగ్ లెటరు అడుగుతున్నవి. వెనుకటి సంస్థకు ఫోను చేసి విచారిస్తున్నవి. ఆరు నెలల ఖాళీని కప్పిపుచ్చటానికి తేదీలు మార్చి చెప్పినవాడు, ఉద్యోగంలో చేరిన తరువాత పట్టుబడి దానిని పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. ఆరు నెలలు ఖాళీగా ఉండటం తప్పు కాదు. దానిని దాచటమే తప్పు అవుతున్నది.

మన జిల్లాలో ఈ ప్రశ్నకు సిగ్గుపడనక్కరలేనివారు ఎందరో ఉన్నారు. మెదక్ సమీపంలోని మంబోజిపల్లి చక్కెర కర్మాగారం సంగతి తెలియనివారు ఈ ప్రాంతంలో లేరు. 1937లో బోధన్ కేంద్రంగా స్థాపించబడిన నిజాం షుగర్స్ సంస్థలోని విభాగం అది. 2002లో ఆ సంస్థలో అధికభాగం వాటా ప్రయివేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి కర్మాగారాలు మూడింటిలోనూ లే-ఆఫ్ ప్రకటించారు. క్రషింగు ఆగినది, కార్మికులు వీధిన పడ్డారు. ఆ కార్మికుడు మరొకచోట "నేనే మానుకొన్నాను" అని చెప్పుకోవటం ఎందుకు? "కర్మాగారం మూతపడినది. మూతపడే రోజు వరకు పనిచేసినాను. బాయిలరు పని నాకు తెలుసు" అంటే చాలును. మూడు వాక్యాలలో కారణం ఉన్నది, నిలకడ ఉన్నది, నేర్పు ఉన్నది.

ప్రయివేటు ఉపాధ్యాయుల సంగతి కూడ అటువంటిదే. 2020 మార్చిలో కరోనా వల్ల పాఠశాలలు మూతపడినప్పుడు వేలమందికి జీతాలు నిలిచిపోయినవి. ఎం.ఏ., బి.ఎడ్. చదివినవారు కూరగాయలు అమ్మినారు, కూలికి పోయినారు. 2021 ఏప్రిల్ లో రాష్ట్ర ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చినదంటే ఆ దుస్థితి ఎంతటిదో ఊహించవచ్చును. ఆ కాలంలో చేసిన కూలిపనిని దాచి, "ఇంటివద్ద పోటీ పరీక్షలకు చదువుకొన్నాను" అని చెప్పే యువకులు ఉన్నారు. ఇల్లు గడవటానికి చేతులు ముడుచుకొని కూర్చోనివాడు తన శ్రమను దాచుకొనటం కన్న విచారకరమైన విషయం మరొకటి లేదు. అది అతని అర్హతలలో ఒకటి అని మేము భావిస్తాము.

కారణం చెప్పి పదవి విడిచినవారికి తలుపులు మూసుకొనిపోతాయన్న భయం కూడ నిరాధారమైనది. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపాధ్యక్షులు. జాతీయోద్యమంపై బ్రిటిషు ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా చేసినారు. 1936లో ఆ విశ్వవిద్యాలయమే తిరిగి వారిని ఆ పీఠంపై కూర్చోబెట్టినది. 1949 వరకు వారు అక్కడ కొనసాగినారు. 1956 సెప్టెంబరులో మన మహబూబ్ నగర్ వద్ద రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో అరియలూరు వద్ద మరొక ఘోరప్రమాదం జరిగినది. ఈసారి ఆయన బాధ్యత వహించి తప్పుకొన్నారు. మరుసటి సంవత్సరమే తిరిగి మంత్రి అయినారు. 1964లో ప్రధాని అయినారు. ఆ 1964లోనే బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవిని వదులుకొన్నారు. ఆయన తరువాత రాష్ట్రపతి అయిన విషయం అందరికీ తెలిసినదే. వీరు పెద్దలు, మనం సామాన్యులం అనవచ్చును. కాని ముగ్గురూ కారణాన్ని దాచలేదు, దానిని మోయగలిగినారు. సామాన్యుడు నేర్చుకొనదగినది అదే.

కష్టమైన సందర్భాలు లేకపోలేదు. జీతం నెలల తరబడి ఇవ్వని సంస్థలు ఉన్నవి. పొమ్మనలేక పొగబెట్టే యాజమాన్యాలు ఉన్నవి. అటువంటిచోట నుండి వచ్చినవాడు ఏమనవలె? "జీతం సకాలంలో అందలేదు, ఇల్లు గడవటం కష్టమైనది" అనటం నింద కాదు, ఉన్న సంగతి. అక్కడ ఆగవలె. యజమాని దుర్మార్గుడని చెప్పటం మొదలుపెడితే అది నింద అవుతుంది. తానే పొరపాటు చేసి ఉద్యోగం పోగొట్టుకొన్నవాడు ఆ పొరపాటును ఒక్క వాక్యంలో ఒప్పుకొని, దానివల్ల నేర్చుకొన్నదానిని రెండవ వాక్యంలో చెప్పవలె. కాంట్రాక్టు గడువు ముగిసిన అధ్యాపకుడు ఆ మాటే చెప్పవచ్చును. గడువు ముగియటం అసమర్థతకు గుర్తు కాదు.

మౌనం వేరు, అబద్ధం వేరు అని కూడ విద్యార్థులు తెలుసుకొనవలె. ఇంటిలోని జబ్బులు, దాంపత్య కలహాలు, అప్పుల వివరాలు ఇంటర్వ్యూ బోర్డుకు అప్పగించవలసిన పని లేదు. "కుటుంబ కారణాల వల్ల మానుకొన్నాను, ఇప్పుడు ఆ ఇబ్బంది తీరినది" అంటే సరిపోతుంది. ముఖ్యంగా మన విద్యార్థినులు ఈ మాట గుర్తుంచుకొనవలె. పెళ్లి, కాన్పు, అత్తమామల సేవ వీటివల్ల ఉద్యోగం మానిన స్త్రీ నేరం చేసినట్లు నిలబడనక్కరలేదు.

ఇప్పుడు కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యార్థులకు ఎంత చెప్పినా, ప్రశ్న వేసే బల్ల అవతలివైపు మార్పు రానిదే ప్రయోజనం తక్కువ. నియామకాలు చేసేవారు మీరు; పట్టణంలోని ఇతర విద్యాసంస్థల వారితో పరిచయాలు ఉన్నవారు కూడ మీరే. జీతం చాలక వచ్చినానని ఒక అధ్యాపకుడు నిజం చెపితే, ఇతనికి డబ్బు ఆశ ఎక్కువని తీసివేసి, "సేవాభావంతో వచ్చినాను" అని బొంకినవానిని తీసుకొంటే మనం ఎవరిని ప్రోత్సహించినట్లు? "పెళ్లి అయితే మానివేస్తారా?" అని ఆడపిల్లను అడిగి, మగవానిని అడుగకపోవటం ఏ న్యాయం? వెనుకటి సంస్థను గురించి చెడు మాటలు రాబట్టటానికి గుచ్చి గుచ్చి అడగటం కూడ మంచిది కాదు. ప్రశ్న అడగండి, సమాధానం వినండి, తరువాత పాఠం చెప్పించి చూడండి. అంతేగాక, మన వద్ద నుండి వెళ్లేవారికి అనుభవ ధ్రువపత్రం, రావలసిన జీతం జాప్యం లేకుండ ఇచ్చి పంపే ఆనవాయితీ పాటించినట్లయితే, వారు మరొకచోట మనలను గురించి మంచి మాటే చెపుతారు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఈ ఒక్క ప్రశ్నకు మీ సమాధానం నాలుగు వాక్యాలలో కాగితంపై వ్రాసుకొని చూడండి. మీరు మానుకొన్న సంస్థ యజమాని ఆ గదిలో కూర్చొని విన్నా మార్చవలసిన అవసరం లేని విధంగా ఆ నాలుగు వాక్యాలు ఉండవలె. అలా వ్రాయగలిగిన నాడు ఆ ప్రశ్నకు మీరు భయపడనక్కరలేదు.