లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?

మొన్న మార్చిలో మూడు వారాలపాటు నా ఫోన్ నిండా ఇదే మాట. స్టాండప్ మీటింగ్‌లో ఉండగా ఒకటి, లంచ్ టైమ్‌లో నాలుగు, రాత్రి రెండింటికి ఇంకొకటి. "ప్రైస్?" "ఫైనల్ చెప్పన్నా." "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?" నేను అమ్మకానికి పెట్టింది పాత పల్సరేమీ కాదు. ఎనిమిది గ్రేట్ డేన్ పిల్లల్ని. అవి ఏం తింటాయి, ఎంత పెరుగుతాయి అని మాత్రం వందమందిలో ఇద్దరు ముగ్గురికి మించి అడగలేదు.

వాళ్లని అనేముందు నా సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కింద మొదటి హైక్ రాగానే 22,000 పెట్టి రాణిని కొన్నది నేనే. అప్పుడు కొండాపూర్‌లో ముగ్గురం బ్యాచిలర్స్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఇన్‌స్టాలో ఒక రీల్ చూసి మనసు పడ్డాను, అంతే. రెండు నెలల పిల్ల ఎనిమిది కిలోలుండేది, ఒళ్లో పట్టేది. ఆరో నెలకి నలభై దాటింది. లిఫ్ట్‌లో ఎదురుపడ్డ ఓనర్ అంకుల్ "ఇది కుక్కా, దూడా?" అన్నాడు. మరుసటి నెలే ఖాళీ చేయమన్నాడు. క్యాబ్ మాట్లాడుకుని రాణిని హనుమకొండలో మా ఇంటికి చేర్చాను. "ముచ్చట నీది, చాకిరీ నాదా?" అన్నాడు నాన్న. విద్యుత్ శాఖలో రిటైరై, పేపర్ చదువుకుంటూ ప్రశాంతంగా ఉన్న మనిషి. వారం తిరగకముందే రాణి ఆయన మంచం పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. మా ఇంటికి కాంపౌండ్, వేపచెట్టు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఏం చేసేవాణ్నో ఇప్పటికీ తెలీదు.

పిల్లల సంగతి కూడా ప్లాన్ చేసింది కాదు. నాన్న ఫ్రెండొకాయన తిరుపతి వెళ్తూ తన మగ డేన్‌ని నాలుగు రోజులు మా ఇంట్లో వదిలాడు. రెండు నెలల తర్వాత, జనవరిలో, తొమ్మిది పుట్టాయి. యాభై కిలోల తల్లి పక్కకి ఒరిగితే అర కిలో పిల్ల ఏమవుతుందో రెండో రాత్రి చూశాం. ఆ తర్వాత నెలరోజులు అమ్మా నాన్నా వంతులేసుకుని కాపలా కాశారు. మిగిలినవి ఎనిమిది.

నాకు ఎక్సెల్ తెరవనిదే ఏదీ అర్థం కాదు. స్కానింగ్, తల్లికి తిండి, పిల్లలకి పాలు, నులిపురుగుల మందు, మొదటి టీకాలు అన్నీ కలిపి 62,000 తేలింది. పిల్లకి 7,750. అదీ మా చేతి ఖర్చు. మరి మార్కెట్ ధర? వాట్సాప్ గ్రూపుల్లో 10,000 నుంచి 40,000 దాకా ఏ అంకైనా వినిపిస్తుంది. కేసీఐ పేపర్, మైక్రోచిప్ ఉంటే ఒక రేటు. 'హెవీ బోన్' అంటే ఇంకో రేటు. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలుండే హార్లెక్విన్ అయితే పైకే. ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ మచ్చల రంగు కోసమని అలాంటి రెండింటిని జతకడితే కొన్ని పిల్లలు చెవుడుతోనో గుడ్డితనంతోనో పుట్టే ప్రమాదం ఉంది. అయినా రంగుకి రేటుంది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే తీయించారా అని నన్ను ఒక్కరూ అడగలేదు. పేపర్ వంశం సంగతి చెబుతుందేగానీ కీళ్ల సంగతి చెప్పదు కదా. (పేరులో డేన్ ఉంది కాబట్టి డెన్మార్క్ కుక్క అనుకుంటారు. జర్మనీది. ఇదీ ఎవరూ అడగలేదు.)

అమ్మేమో "కుక్కపిల్లల్ని అమ్ముకునే గతి పట్టిందా మనకి? ఊరికే ఇచ్చేద్దాం" అంది. సరేనని 'ఫ్రీ' అని ఒక పోస్ట్ పెట్టాను. ఒక్క సాయంత్రంలో నూటికి పైగా మెసేజ్‌లు. ఒకడు మూడు పిల్లలు కావాలన్నాడు. మూడెందుకన్నా అంటే బ్లాక్ చేశాడు. ఇంకొకతను పిల్లని చూడకుండానే బైక్ డెలివరీ వాడిని పంపిస్తానన్నాడు. గంటలో పోస్ట్ తీసేశా.

నాన్న పద్ధతి వేరు. సంబంధం చూసినట్టు చూడాలంటాడు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొదట అడిగేది "మీ ఇంటికి మెట్లెన్ని?" అని. రేపు అరవై కిలోల కుక్కకి కాలు విరిగితే ఎత్తుకుని దిగాల్సింది వీళ్లే కదా అని ఆయన లెక్క. తర్వాత పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లా సొంతమా, ఊరెళ్తే ఎక్కడ వదుల్తారు. నేనేమో పక్కనుంచి ఖర్చు చెప్పేవాణ్ని. రాణికి తిండి, మందులు కలిపి నెలకి 9,000 అవుతోంది. ఎనిమిదేళ్లు బతికితే 8,64,000. దాని ముందు కొన్న 22,000 ఏపాటి? మందు డోసు కూడా బరువుని బట్టే, కాబట్టి బిల్లు కూడా బరువుని బట్టే. ఇక ఈ జాతికి కడుపు ఉబ్బి మెలిపడే జబ్బొకటుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే ప్రాణం పోతుంది. అర్ధరాత్రి తెరిచుండే క్లినిక్ మీకెంత దూరం అని అడిగితే చాలామంది మొహాలు మాడిపోయేవి.

ఇంకో సంగతి కూడా దాచను. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. రెండోది పాటించాం. మొదటిది ఉందని నాకు తెలిసేసరికే సగం పిల్లలు వెళ్లిపోయాయి. రాణికి ఆపరేషన్ చేయించేశాం.

ఏడింటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 15,000 చొప్పున ఇచ్చాం, ఫొటోలు వస్తున్నాయి, బాగున్నాయి. ఎనిమిదోది, ఛాతీ మీద తెల్ల మచ్చున్న మగపిల్ల, దాని గురించే రాయాలనుకున్నా.

దానికోసం ఒకే ఆదివారం ఇద్దరు వచ్చారు. పొద్దున జనగామ నుంచి ఒక టీచరమ్మ, బస్సులో. సొంతిల్లు, పెరడు ఉంది. గంటన్నర కూర్చుంది. రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి, తల్లి పిల్లలతో ఎలా ఉంటుంది, మాకు కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని నోట్‌బుక్‌లో రాసుకుంది. "10,000 అయితే ఇవ్వగలను బాబూ" అంది. ఆలోచించి చెప్తా మేడం అన్నాను. మధ్యాహ్నం పెద్ద కారులో ఇంకొకాయన. కొంపల్లిలో విల్లా. 35,000 అన్నాడు, తనే. బేరం లేదు, ప్రశ్న లేదు. పగలు ఇంట్లో ఎవరుంటారని నాన్న అడిగితే "వాచ్‌మన్ ఉంటాడంకుల్" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో క్యూఆర్ కోడ్ తెరిచాను. అంత డబ్బు పెట్టేవాడు బాగా చూసుకోకుండా ఉంటాడా అనుకున్నా. ఎక్సెల్‌లో లాభం గడి ఆకుపచ్చగా మారింది. టీచరమ్మకి మెసేజ్ కూడా పెట్టలేదు.

జులైలో ఒక గ్రూపులో యాడ్ కనిపించింది. 'గ్రేట్ డేన్ మేల్, 6 మంత్స్, సైజు పెద్దదవడం వల్ల సేల్, 18,000.' జూమ్ చేస్తే ఛాతీ మీద అదే మచ్చ. నాన్నకి పంపాను. ఫోన్ చేసి తిడతాడనుకున్నా. రైలెక్కి వచ్చేశాడు. ఇద్దరం కొంపల్లి వెళ్లాం. మేడ మీద రేకుల షెడ్డు, కింద నున్నటి టైల్స్, రెండు గజాల గొలుసు. ఏప్రిల్, మే అక్కడే గడిపిందన్నమాట. లేవబోతే ముందుకాళ్లు చెరోపక్క జారిపోతున్నాయి. తొందరగా సైజు రావాలని క్యాల్షియం పొడి డబ్బాలకి డబ్బాలు పోశారట. డాక్టర్ తర్వాత ఎక్స్‌రే చూపించి చెప్పాడు: పెద్ద జాతి పిల్లలు మెల్లగా పెరగాలి, క్యాల్షియం ఎక్కువైతే మేలు కాకపోగా ఎముకలే దెబ్బతింటాయి. విల్లా ఆయన చెడ్డవాడని అనను. మాకు మంచినీళ్లిచ్చాడు. "మీ పిల్లే కాబట్టి 15,000 ఇవ్వండి" అని 3,000 తగ్గించాడు కూడా.

కారులో నాన్న ఒక్క మాటా అనలేదు. ఘట్‌కేసర్ దాటాక "క్యూఆర్ కోడ్ తెరిచే ముందు నా మొహం చూశావా నువ్వు?" అన్నాడు. చూశానని చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక టీచరమ్మకి ఫోన్ చేశా. నాలుగు నెలలు జవాబివ్వనందుకు సారీ చెప్పి, పిల్ల ఉంది, డబ్బులొద్దు, డాక్టర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానన్నాను. ఆమె కోప్పడలేదు. "ఏప్రిల్‌లో మా స్కూల్ వెనక రెండు వీధి పిల్లలు దొరికితే తెచ్చుకున్నా బాబూ. ఇంక చోటు లేదు" అంది. వాటి ఫొటో పంపింది. బాగా ఒళ్లు చేశాయి.

ఇప్పుడు వాడు హనుమకొండలోనే ఉన్నాడు. అమ్మ చిన్నోడా అని పిలుస్తుంది. టైల్స్ మీద గోనెపట్టాలు పరిచాం. కాళ్లు కొంచెం నిలబడుతున్నాయి. నాన్నకి అరవై ఒకటి, కుడి మోకాలు నొప్పి. రోజూ సాయంత్రం రెండు కుక్కలు, కలిపి తొంభై కిలోలు, ఆయన్ని నడిపించుకుని వెళ్తున్నాయి. ఎల్లకాలం ఇలా సాగదని ముగ్గురికీ తెలుసు. అందుకే మళ్లీ యాడ్ పెట్టాను, కాళ్ల ఎక్స్‌రేతో సహా.

ఇది రాస్తుండగానే ఒక మెసేజ్ వచ్చింది. "లాస్ట్ ప్రైస్ బ్రో?" నాన్న నంబర్ పంపాను. మెట్లు లెక్కపెట్టుకుని ఫోన్ చేయమన్నాను.