వలదనుట మన హక్కు

నేడు పాలకుర్తి వంటి యూళ్లలో సయితము చీర కొనినంతనే వర్తకుడు ఫోను నెంబరు అడుగుచున్నాడు. రసీదు కొఱకని యిచ్చెదము. పిమ్మట తగ్గింపు ధరల సందేశములు తెఱపి లేక వచ్చుచుండును. రసీదునకై యిచ్చిన నెంబరు ప్రకటనలకు అనుమతి కాదని మేము చెప్పుదుము. నెంబరు కొఱకు కొనువారిని నిర్బంధింపరాదని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ వర్తకులకు తెలిపినది. ఆ యేటనే వెలువడి, అంచెలుగా అమలునకు వచ్చుచున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, అనుమతి నిచ్చుట యెంత సులభమో మరల తీసికొనుటయు నంత సులభముగా నుండవలెనని విధించినది.

ప్రకటనలు వలదనుకొన్నవారు 1909కు ఫోను చేసి నమోదు చేయించుకొనవచ్చును, రుసుము లేదు. బ్యాంకు వారి ఓటీపీ వంటి అవసర సందేశములు ఆగవు. అయితే మనమే వేఱుగా అనుమతి నిచ్చిన అంగడికి ఈ నమోదు అడ్డు రాదు. అందుచేత ఆ యనుమతిని గూడ రద్దు చేసికొనవలయును. అంతకంటె మేలు, అడిగినప్పుడే దేనికని ప్రశ్నించుట. తన పంటపై హక్కును విడువని చాకలి ఐలమ్మ నివసించిన పాలకుర్తి ఆడపడుచులకు, అంగడిలో ‘నెంబరు ఇయ్యను’ అనుటకు సంకోచ మేల?