చివరి ఇంటి కొళాయిని అడగండి

వానాకాలం వస్తోందంటే ఢిల్లీలో ఏటా ఒక తంతు మొదలవుతుంది. కోసిపెట్టిన పండ్ల ముక్కలపై, చెరకురసం బండ్లపై ఆంక్షలు. డిస్పెన్సరీలకు ఓఆర్ఎస్ పొట్లాలు, బస్తీలకు క్లోరిన్ బిళ్లలు. ఇవేవీ దండగ కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు తాగించి కలరా మరణాలను నూటికి 30 నుంచి 4 లోపుకు దించారు. సోకినవాణ్ని బతికించడం తెలిసిన విద్యే. సోకకుండా ఆపడంలోనే ఉంది పేచీ. చెరకురసం బండిని తోలేయడం తేలిక, నేలలోని పైపును తవ్వడం కష్టం.

1988లో ఢిల్లీ అందుకు మూల్యం చెల్లించింది. ఎమర్జెన్సీలో గుడిసెలు కూల్చి పేదలను యమున అవతల పునరావాస కాలనీలకు తరలించారు. అక్కడ మురుగు లైన్లు లేవు. ఉన్నవి లోతు తక్కువ చేతిపంపులు. మలిన జలం ఇంకి ఆ పంపుల్లోకి చేరింది. కలరా, వాంతులు, విరేచనాలతో వందల మంది పోయారు. చచ్చినవాళ్లు జమునాపార్ (యమున అవతలి) వాళ్లు కావడం, బాధ్యులకు కొంత ఊరటనిచ్చి ఉంటుంది.

పైపునీళ్లున్నంత మాత్రాన నిశ్చింత లేదు. 1955 చివర్లో నజఫ్‌గఢ్ నాలా మురుగు ఎదురెక్కి, వజీరాబాద్‌లో యమున నీళ్లు తోడే చోటికి చేరింది. సిబ్బంది గమనించి క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ లాంటివి విజృంభించలేదు గానీ, కామెర్లు దాదాపు 29 వేల మందిని పట్టుకున్నాయి. క్లోరిన్ బ్యాక్టీరియాను చంపింది, వైరస్ తప్పించుకుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ తాగునీళ్లలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు.

కలరా క్రిమి మాత్రం క్లోరిన్‌కు లొంగుతుంది. ఆ క్లోరిన్ కొళాయిదాకా చేరాలి, అంతే. కానీ నీళ్లు రోజుకు కొన్ని గంటలే వదులుతారు. ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోయి, బీటల్లోంచి పక్కనున్న నాలా నీళ్లు లోపలికొస్తాయి. నీళ్లు చాలక ఇంటింటా బిగించుకునే టుల్లూ పంపు ఆ మురుగును మరింత గట్టిగా లాగుతుంది. శుద్ధి కేంద్రంలో తీసిన నమూనా ఎంత స్వచ్ఛంగా ఉంటే ఏం లాభం?

పరీక్ష లైను చివరి ఇంట్లో జరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది దేశ ప్రమాణం. ఆ అంకెను కాలనీలవారీగా ప్రతి వారం డిస్పెన్సరీ తలుపు మీద అంటించాలి. అది సున్నా అయిన వీధికి ఆ రోజే ట్యాంకరు రావాలి, మర్నాడు తవ్వకం మొదలవాలి. నీళ్ల లెక్క జల బోర్డుది, రోగుల లెక్క కార్పొరేషన్‌ది. వానలు ముదరకముందే ఈ రెండు రిజిస్టర్లనూ ఒకే బల్ల మీద పెట్టించే పని ఢిల్లీ ప్రభుత్వానిది.